కార్డు కమీషన్ మీద అమెరికా దుకాణదారుల పోరు

అమెరికాలో ఒక కిరాణా కొట్టులో 100 డాలర్ల సరుకు కొని క్రెడిట్ కార్డు గీకితే దుకాణదారు ఖాతాలో 100 డాలర్లూ పడవు. వీసా, మాస్టర్‌కార్డులైతే సగటున రెండుంబావు డాలర్ల దాకా ముందే కోసుకుని మిగిలింది జమ చేస్తారు. బ్యాంకులు ఈ కోతకు పెట్టిన పేరు మర్చంట్ డిస్కౌంట్. అక్కడి దుకాణాల్లో స్వైప్ ఫీజు అంటారు, తెలుగునాట కార్డు కమీషన్ అంటారు. ఇందులో మూడు వాటాలున్నాయి. దుకాణానికి మెషిన్ ఇచ్చిన బ్యాంకుది ఒకటి, నెట్‌వర్క్ నడిపే వీసా లేదా మాస్టర్‌కార్డుది మరొకటి. ఈ రెండూ చిన్నవి. పెద్ద వాటా కొన్నవాడికి కార్డు ఇచ్చిన బ్యాంకుకు పోతుంది. దాన్నే ఇంటర్‌చేంజ్ ఫీజు అంటారు. ఆ ఫీజు ఎంతో నిర్ణయించేది నెట్‌వర్క్, అందుకునేది కార్డు ఇచ్చిన బ్యాంకు, కట్టేది దుకాణదారు. కట్టేవాడిని ఎంత అని అడిగేవారు లేరు. కార్డు గీకిన మనిషికి ఆ కోత బిల్లులో కనపడదు. కిరాణా వ్యాపారంలో ఖర్చులన్నీ పోగా మిగిలే నికర లాభం చాలా ఏళ్లు ఒకటి రెండు శాతం దగ్గరే ఉంటుంది. అంటే ఆ అమ్మకంలో దుకాణదారుకు మిగిలేదానికన్నా కార్డు పట్టుకుపోయేదే ఎక్కువ. అమెరికా దుకాణదారులు చట్టసభల గడప తొక్కడానికి మూలం ఇదే.

కమీషన్ పుట్టిన కొత్తలో ఇంతకంటే చాలా ఎక్కువ. 1950లో న్యూయార్క్‌లో ఫ్రాంక్ మెక్‌నమారా, రాల్ఫ్ ష్నైడర్ కలిసి డైనర్స్ క్లబ్ పెట్టారు. భోంచేసినవాడు అట్టముక్క లాంటి కార్డు చూపి, బిల్లు మీద సంతకం పెట్టి వెళ్లిపోతాడు. నెలాఖరున క్లబ్బుకు ఒక్కసారే కడతాడు. క్లబ్బు బిల్లులో 7 శాతం పట్టుకుని మిగతా డబ్బు రెస్టారెంటుకు పంపుతుంది. మెక్‌నమారా ఒకసారి పర్సు మరిచి భోజనానికి వెళ్లి ఇబ్బంది పడ్డాడని, ఆ ఇబ్బందిలోంచే కార్డు ఆలోచన పుట్టిందని ఒక కథ చాలాకాలం నడిచింది. అది ప్రచారం కోసం అల్లినదేనని క్లబ్బు తొలినాళ్లలో పనిచేసినవారే తర్వాత చెప్పారు. 7 శాతానికి యజమానులు ఒప్పుకున్నారంటే కారణం ఉంది. కార్డు పట్టుకుని వచ్చేవారు ఎక్కువగా కంపెనీ ఖర్చు మీద తినే వ్యాపార ప్రతినిధులు, చేతికి ఎముక లేనట్టు ఆర్డరిచ్చేవారు. పైగా గిట్టకపోతే కార్డు తీసుకోనని చెప్పే స్వేచ్ఛ అప్పట్లో యజమానికి నిజంగానే ఉండేది.

బ్యాంకు కార్డు 1958 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్నంలో మొదలైంది. బ్యాంక్ ఆఫ్ అమెరికా అక్కడి 60,000 మందికి, ఎవరూ అడగకపోయినా, బ్యాంక్‌అమెరికార్డులు పోస్టులో పంపింది. దుకాణాల దగ్గర 6 శాతం కమీషన్ అడిగింది. ఆ పట్నంలోని చిన్న దుకాణాలకు అది భారం అనిపించలేదు. అప్పటిదాకా వారే అరువు ఖాతాలు నడిపేవారు. ఎవరెవరు ఎంత బాకీ అని పుస్తకంలో రాసుకోవడం, నెలనెలా బిల్లులు కవర్లలో పెట్టి పంపడం, ఎగ్గొట్టినవారి వెంట తిరగడం, ఇదంతా యజమానికి రాత్రిపూట పని. 6 శాతం ఇస్తే ఆ తలనొప్పి మొత్తం బ్యాంకు నెత్తికి పోతుంది. సియర్స్ లాంటి పెద్ద దుకాణాలకు సొంత అరువు విభాగాలు ఉండటంతో అవి కలవలేదు. బ్యాంకుకు మాత్రం మొదట్లో గట్టి దెబ్బే తగిలింది. నూటికి నలుగురు ఎగవేస్తారని లెక్క వేసుకుంటే 22 మంది తేలారు. అయినా బ్యాంకు వెనక్కి తగ్గలేదు. అడగనివారికి కార్డులు పంపడాన్ని 1970లో అమెరికా కాంగ్రెస్ నిషేధించింది.

ఇంటర్‌చేంజ్ ఎలా పుట్టిందో తెలియాలంటే అప్పటి దుకాణంలో కార్డు ఎలా నడిచేదో చూడాలి. కౌంటరు మీద ఇనుప పలక లాంటి చిన్న యంత్రం ఉండేది. కార్డును అందులో పెట్టి, పైన కార్బన్ కాగితాలున్న చీటీ పరిచి, పిడి పట్టుకుని అటూ ఇటూ లాగితే కార్డు మీద ఉబ్బెత్తుగా ఉన్న అంకెలు చీటీ మీద అచ్చయ్యేవి. ఒక ప్రతి కొన్నవాడికి, ఒకటి దుకాణానికి, ఒకటి బ్యాంకుకు. కార్డు ఇచ్చిన బ్యాంకూ దుకాణం ఖాతా ఉన్న బ్యాంకూ ఒకటే అయితే గొడవ లేదు, కమీషన్ అంతా ఆ బ్యాంకుదే. 1966లో బ్యాంక్ ఆఫ్ అమెరికా తన కార్డును ఇతర రాష్ట్రాల బ్యాంకులకు లైసెన్సు మీద ఇవ్వడం మొదలుపెట్టింది. అదే ఏడాది పోటీ బ్యాంకులు కలిసి పెట్టుకున్న సంఘం నుంచే తర్వాత మాస్టర్‌కార్డు వచ్చింది. దాంతో ఒక ఊరి బ్యాంకు కార్డు మరో ఊరి బ్యాంకు దుకాణంలో గీకడం మొదలైంది. చీటీల మూటలు పోస్టులో దేశమంతా తిరిగేవి. కమీషన్‌ను ఏ బ్యాంకు ఎంత పంచుకోవాలనేదే తగువు. దుకాణం దగ్గర వసూలైన కమీషన్ మొత్తం కార్డు ఇచ్చిన బ్యాంకుకే పంపాలని మొదట్లో నిబంధన. అలా పంపితే దుకాణాన్ని చేర్పించిన బ్యాంకుకు మిగిలేది సున్నా.

ఈ చిక్కు విప్పే పని సియాటెల్ బ్యాంకు అధికారి డీ హాక్ చేతికి వచ్చింది. 1970లో ఆయన నాయకత్వంలో నేషనల్ బ్యాంక్‌అమెరికార్డ్ అనే సంస్థ ఏర్పడింది. 1976లో అదే వీసాగా పేరు మార్చుకుంది. 1971లో ఆ సంస్థ, ఏ రెండు బ్యాంకుల మధ్యనైనా చెల్లే ఒకే రేటు పెట్టింది. దుకాణపు బ్యాంకు కార్డు ఇచ్చిన బ్యాంకుకు అంత ఇచ్చితీరాలి. ఎగవేతల నష్టానికీ, దుకాణానికి వెంటనే డబ్బు ముట్టి కొన్నవాడు నెల తర్వాత కట్టడం వల్ల పడే వడ్డీకీ అది పరిహారమని చెప్పారు. వేల బ్యాంకులు ఒకదానితో ఒకటి విడివిడిగా బేరం ఆడుకోలేవన్న మాట అప్పటికి నిజమే. కానీ ఆ రోజు నుంచి దుకాణదారు బేరానికి ఒక అడుగు ఏర్పడింది. తన బ్యాంకుతో ఎంత గట్టిగా మాట్లాడినా ఇంటర్‌చేంజ్ కంటే కిందికి కమీషన్ దిగదు. ఎందుకంటే అంత మొత్తం ఆ బ్యాంకు మరొకరికి కట్టాల్సిందే.

దీని పర్యవసానం ఇంకా పెద్దది. సరుకు అమ్మేవారు ఇద్దరైతే ధర తగ్గడం మామూలు వ్యాపార న్యాయం. కార్డుల్లో అది తలకిందులైంది. వీసా, మాస్టర్‌కార్డు పోటీ పడేది దుకాణదారు కోసం కాదు. తమ బొమ్మ ఉన్న కార్డే జనానికి పంచమని బ్యాంకుల వెంట పడతాయి. బ్యాంకుకు ఏ నెట్‌వర్క్ ఎక్కువ ఇంటర్‌చేంజ్ ఇప్పిస్తే ఆ కార్డే పంచుతుంది. కాబట్టి పోటీ పెరిగేకొద్దీ ధర పైకి పోయింది. కార్డు తీసుకోనని చెప్పే స్వేచ్ఛ దుకాణదారుకు కాగితం మీద మిగిలింది కానీ, ఎదుటి దుకాణంలో కార్డు నడుస్తుంటే గిరాకీ అటు పోతుంది. ఒకసారి వీసా బొమ్మ తలుపుకు అంటించాక ఏ బ్యాంకు ఇచ్చిన వీసా అయినా, ఎంత ఖరీదైన రకమైనా తీసుకోవాల్సిందేనన్న నిబంధన మిగిలిన దారీ మూసింది. 1980ల చివరి నుంచి విమాన మైళ్లు, క్యాష్‌బ్యాక్ ఇచ్చే కార్డులు జోరందుకున్నాయి. ఆ బహుమతుల ఖర్చు చాలావరకు వచ్చేది దుకాణాల దగ్గర కోసిన ఇంటర్‌చేంజ్ నుంచే. దుకాణదారు ఆ భారాన్ని అందరి ధరల్లోనూ కలిపేస్తాడు గనుక నోట్లిచ్చి కొనేవాడు కూడా మోస్తాడు. బోస్టన్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఆర్థికవేత్తలు 2010లో వేసిన లెక్కలో నగదు వాడే కుటుంబం సగటున ఏడాదికి 149 డాలర్లు ఇలా పరోక్షంగా ఇస్తుంటే, కార్డు వాడే కుటుంబానికి 1,133 డాలర్లు అందుతున్నాయి. కార్డు దొరకని పేదవాడి జేబులోంచి ఉన్నవాడి విమాన టికెట్టుకు డబ్బు మళ్లడం ఈ చరిత్రలో అన్నిటికన్నా అన్యాయమైన సంగతి.

కార్డు ఖరీదును కొన్నవాడికి చూపించడమే దుకాణదారుల తొలి డిమాండు. నగదు ఇచ్చేవారికి ధర తగ్గించుకోవచ్చని 1974 చట్టంలో కాంగ్రెస్ ఒప్పుకుంది. కార్డు ఇచ్చేవారికి అదనంగా వేయడాన్ని మాత్రం 1976లో నిషేధించింది. ఆ నిషేధం 1984లో గడువు తీరి పోయింది. ఆ తర్వాత న్యూయార్క్, కాలిఫోర్నియా, టెక్సాస్ వంటి రాష్ట్రాలు సొంత చట్టాలతో దాన్ని కొనసాగించాయి, నెట్‌వర్కుల నిబంధనలూ ఒప్పుకోలేదు. నిజానికి తగ్గింపు, అదనం రెండూ ఒకే లెక్క. అప్పట్లో పేరు మారితే ఒకటి చట్టబద్ధం, ఇంకోటి నేరం. అమెరికా పెట్రోలు బంకుల బోర్డుల మీద నగదుకు ఒక ధర, క్రెడిట్‌కు పది సెంట్లు ఎక్కువ వేసి మరో ధర నేటికీ కనిపించేది ఆ తగ్గింపు నియమం పుణ్యమే. ఆర్కో పెట్రోలు కంపెనీ 1982లో క్రెడిట్ కార్డులనే వద్దనుకుని ధర తగ్గించింది. 1991లో బోస్టన్ రెస్టారెంట్ల యజమానులు అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కమీషన్ మీద తిరగబడి ఆ కార్డు తీసుకోవడం మానేశారు. 1773లో అదే నగర రేవులో తేయాకు పెట్టెలు సముద్రంలో పారేసిన ఘటనను గుర్తుచేస్తూ పత్రికలు దాన్ని బోస్టన్ ఫీ పార్టీ అన్నాయి. కంపెనీ దిగివచ్చి రేటు తగ్గించింది. అది నగరమంతా ఒక్కటైతే దొరికిన గెలుపు. ఒక్కొక్క దుకాణానికి అంత బలం ఎక్కడిది?

కోర్టులు ఆదుకున్నది తక్కువ. కార్డు లావాదేవీలు నడిపే నాబాంకో అనే కంపెనీ 1979లో వీసా మీద కేసు వేసి, ఇంటర్‌చేంజ్ అంటే బ్యాంకులు కూడబలుక్కుని ధర కట్టడమేనని వాదించింది. 1984లో ఓడింది, 1986లో అప్పీలులోనూ ఓడింది. డెబిట్ కార్డుల విషయంలో వాల్‌మార్ట్ ముందుండి 1996లో వేసిన కేసు 2003లో దాదాపు 300 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. 2005లో మొదలైన అతిపెద్ద దావాలో 2012లో కుదిరిన రాజీని అప్పీలు కోర్టు 2016లో కొట్టేసింది. పాత నష్టానికి 500 కోట్ల డాలర్లకు పైబడిన పరిహారం 2019లో ఖాయమైనా, ముందుముందు రేటు ఎంతుండాలన్న అసలు ప్రశ్న అలాగే మిగిలింది. పరిహారం జరిగిపోయిన కోతకు వస్తుంది, రేపటి కోతను ఆపదు. అందుకే దుకాణదారుల సంఘాలు చట్టసభ వైపు తిరిగాయి.

2008లో ప్రతినిధుల సభ న్యాయ కమిటీ అధ్యక్షుడు జాన్ కాన్యర్స్ తెచ్చిన క్రెడిట్ కార్డ్ ఫెయిర్ ఫీ బిల్లు కమిటీ గడప దాటింది కానీ సభలో ఓటుకు రాలేదు. దుకాణదారులంతా కలిసి నెట్‌వర్కులతో బేరమాడే హక్కు ఇవ్వాలని అందులో అడిగారు. మరుసటి ఏడాది సెవెన్-ఎలెవెన్ దుకాణాలు తమ కౌంటర్ల మీదే వినతిపత్రాలు పెట్టాయి. కాఫీ కొనడానికి, చిల్లర సరుకుకు వచ్చినవారు సంతకాలు పెట్టారు. 16 లక్షలకు పైగా సంతకాలు పోగై 2009 సెప్టెంబరులో కాంగ్రెస్‌కు చేరాయి. బిల్లులో కనిపించని ఒక కోత గురించి అంతమంది మామూలు జనం కాగితం మీద పేరు రాశారు.

2010లో ఆర్థిక సంక్షోభం తర్వాతి డాడ్-ఫ్రాంక్ చట్టం సెనేట్‌కు వచ్చినప్పుడు ఇల్లినాయ్ సెనేటర్ రిచర్డ్ డర్బిన్ ఒక సవరణ పెట్టారు. 64-33 ఓట్లతో నెగ్గింది. డెబిట్ కార్డు ఇంటర్‌చేంజ్ న్యాయంగా, అయిన ఖర్చుకు తగినట్టు ఉండాలని, ఆ పరిమితిని కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ నిర్ణయించాలని దాని సారం. 1,000 కోట్ల డాలర్ల లోపు ఆస్తులున్న చిన్న బ్యాంకులకు పరిమితి నుంచి మినహాయింపు ఇచ్చారు. క్రెడిట్ కార్డులను అసలు ముట్టుకోలేదు. అంత రాజీ పడ్డా బ్యాంకులు ఊరుకోలేదు. 2010 డిసెంబరు ముసాయిదాలో లావాదేవీకి 12 సెంట్లు మించరాదన్న ఫెడరల్ రిజర్వ్, ఆరు నెలల ఒత్తిడి తర్వాత 21 సెంట్లు, దాని మీద 0.05 శాతం, మోసాల నివారణకు మరో సెంటు అంది. అమలును వాయిదా వేయాలన్న ప్రతిపాదనకు 2011 జూన్‌లో సెనేట్‌లో 54 ఓట్లు వచ్చాయి. కావలసినవి 60. అక్టోబరు 1న పరిమితి అమల్లోకి వచ్చింది. సగటు డెబిట్ కొనుగోలు మీద 44 సెంట్లుగా ఉన్న ఇంటర్‌చేంజ్, పరిమితి పడిన బ్యాంకుల్లో 24 సెంట్లకు దిగింది.

చిన్న బేరాల దగ్గర ఈ పరిమితి ఎదురు తన్నింది. రెండు డాలర్ల కాఫీ అమ్మేవాడికి అంతకుముందు నెట్‌వర్కులు చిల్లర కొనుగోళ్ల పేరుతో తక్కువ రేటు ఇచ్చేవి. చట్టం గరిష్ఠం చెప్పగానే అదే అందరికీ రేటయింది. రెండు డాలర్ల మీద 22 సెంట్లంటే నూటికి 11. పెద్ద దుకాణం లాభపడిన చోటే టీకొట్టు, పేపర్ల బడ్డీ నష్టపోయాయి. పరిమితిని మొత్తం మీద శాతంగా కాక లావాదేవీకింతని పెట్టడం వల్ల వచ్చిన లోపమిది. దుకాణదారులు దక్కిన మిగులును ధరల్లో జనానికి తిరిగి ఇచ్చారా అన్నది మరో ప్రశ్న. రిచ్‌మండ్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు సర్వేలో ధర తగ్గించామన్నవారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. కోల్పోయే ఇంటర్‌చేంజ్‌కు బదులుగా బ్యాంక్ ఆఫ్ అమెరికా డెబిట్ కార్డుకు నెలకు 5 డాలర్లు వేస్తామని 2011 సెప్టెంబరులో ప్రకటించి, ఖాతాదారుల కోపానికి నవంబరు 1న వెనక్కి తీసుకుంది. అదే చట్టం క్రెడిట్ కార్డుకు 10 డాలర్ల దాకా కనీస కొనుగోలు పెట్టుకునే హక్కు దుకాణాలకు ఇచ్చింది. డాలస్, న్యూజెర్సీ వైపు తెలుగువారు నడిపే కిరాణా కొట్ల లాంటి చిన్న దుకాణాలు కౌంటరు మీద అలాంటి బోర్డు పెట్టుకోగలిగేది ఆ హక్కుతోనే.

క్రెడిట్ కార్డుల రేటును కూడా తగ్గించిన దేశాలున్నాయి. ఆస్ట్రేలియా రిజర్వ్ బ్యాంకు 2003లో సగటు 0.95 శాతం నుంచి 0.55 శాతం దగ్గరికి దించింది. దుకాణదారుకు అదనం వేసే హక్కూ ఇచ్చింది. కార్డులు ఆగిపోలేదు, బహుమతులు తగ్గాయి, వార్షిక ఫీజులు పెరిగాయి. ట్యాక్సీల్లో 10 శాతం అదనం వేయడం లాంటి అతి కూడా జరిగి, 2016లో దానికి కళ్లెం వేయాల్సి వచ్చింది. యూరోపియన్ యూనియన్ 2015 డిసెంబరు నుంచి డెబిట్‌కు 0.2, క్రెడిట్‌కు 0.3 శాతం మించరాదంది. ఆ అంకెల వెనక ఒక చక్కని పరీక్ష ఉంది. ఎదురుగా నిలబడ్డ గిరాకీ జేబులో నోట్లూ ఉన్నాయి, కార్డూ ఉంది. మళ్లీ రాని యాత్రికుడు కాబట్టి మొహమాటం లేదు. కార్డు తీసుకుంటే నగదు లెక్కపెట్టి దాచే ఖర్చు కంటే దుకాణదారుకు ఎక్కువ పడకూడదు. అంతకు మించితే అది సేవకు ధర కాదు, బలవంతపు వసూలు.

భారతదేశంలో క్రెడిట్ కార్డులు తొలుత ఇచ్చిన బ్యాంకుల్లో, భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ఒకటి. 1981లో మొదలుపెట్టింది. కమీషన్ మీద ఇక్కడ కదలిక రిజర్వ్ బ్యాంకు నుంచి వచ్చింది. 2012లో డెబిట్ కార్డులకు 2,000 రూపాయల దాకా 0.75 శాతం, ఆపైన 1 శాతం పరిమితి పెట్టింది. నోట్ల రద్దు తర్వాత 2017 జనవరిలో బ్యాంకులు 1 శాతం వేస్తామనగానే పెట్రోలు బంకుల డీలర్లు కార్డులే తీసుకోమని హెచ్చరించారు, వసూలు వాయిదా పడింది. 2018 నుంచి 20 లక్షల లోపు టర్నోవరున్న దుకాణానికి డెబిట్ మీద 0.40 శాతమే గరిష్ఠం. 2020 జనవరి 1 నుంచి రూపే డెబిట్, యూపీఐల మీద కమీషన్ సున్నా. బ్యాంకులకు ఆ లోటును కొంత ప్రభుత్వ ప్రోత్సాహక నిధి పూడుస్తోంది. క్రెడిట్ కార్డు కమీషన్‌కు మాత్రం ఇక్కడా పరిమితి లేదు.

అమెరికాలో మిగిలిన పోరు ఆ క్రెడిట్ కార్డు గురించే. కార్డుల రంగం మీద వచ్చే నిల్సన్ రిపోర్ట్ పత్రిక లెక్కలో 2023లో అక్కడి వ్యాపారులు అన్ని కార్డుల మీదా కట్టింది 17,200 కోట్ల డాలర్లు. డర్బిన్, కాన్సాస్ సెనేటర్ రోజర్ మార్షల్ 2022లో తెచ్చి 2023లో మళ్లీ పెట్టిన క్రెడిట్ కార్డ్ కాంపిటీషన్ బిల్లులో ధరకు గరిష్ఠం లేదు. 10,000 కోట్ల డాలర్లు దాటిన బ్యాంకులు తమ కార్డు మీద కనీసం రెండు నెట్‌వర్కులు ఉంచాలి, అందులో ఒకటి వీసా, మాస్టర్‌కార్డులు కానిది కావాలి, దేని గుండా పంపాలో దుకాణదారు ఎంచుకోవచ్చు. 1971 తర్వాత తలకిందులైన పోటీని నిటారుగా నిలబెట్టే ప్రయత్నమిది. 2024 మార్చిలో వీసా, మాస్టర్‌కార్డు అయిదేళ్లలో సుమారు 3,000 కోట్ల డాలర్ల తగ్గింపుతో రాజీకి వచ్చినా, అది చాలదంటూ న్యాయమూర్తి మార్గో బ్రోడీ జూన్‌లో తిరస్కరించారు. జూలై 1న సుప్రీంకోర్టు, నార్త్ డకోటాలో లారీలు ఆగే చోట దుకాణం నడిపే కార్నర్ పోస్ట్‌కు 21 సెంట్ల నిబంధనను సవాలు చేసే హక్కు ఉందని తీర్పిచ్చింది.

అదే ఏడాది డర్బిన్ సొంత రాష్ట్రం ఇల్లినాయ్ ఇంకో వైపు నుంచి కదిలింది. రెస్టారెంటులో 100 డాలర్ల భోజనం, దాని మీద 10 డాలర్ల అమ్మకం పన్ను, వడ్డించినవారికి 20 డాలర్ల టిప్పు అయితే, ఇంటర్‌చేంజ్ కోత 130 మీద పడుతుంది. పన్ను ప్రభుత్వానిది, టిప్పు పనివారిది. యజమాని చేతిలో నిలవని ఆ 30 మీదా కమీషన్ మాత్రం యజమానే కడుతున్నాడు. పన్ను, టిప్పుల మీద ఇంటర్‌చేంజ్ వసూలు చేయరాదని ఆ రాష్ట్ర చట్టసభ చట్టం చేసింది, దేశంలో అలాంటిది అదే మొదటిది. బ్యాంకులు వెంటనే ఫెడరల్ కోర్టుకు వెళ్లాయి. జాతీయ లైసెన్సున్న బ్యాంకులకు చట్టం వర్తించకుండా 2024 డిసెంబరులో న్యాయమూర్తి నిలుపుదల ఉత్తర్వు ఇచ్చారు. 2025 జూలై 1న మొదలు కావాల్సిన అమలును చట్టసభ 2026 జూలై 1కి జరిపింది.